ఏ పాయింట్ టూటూ (.22) పిస్టల్ కొనమంటారు అన్నగారూ?

ప్రశ్న: అన్నగారూ, నమస్తే. మాది గుంటూరు జిల్లా, ఉండేది టెక్సాస్‌లో ప్లేనో. పదకొండేళ్లు హెచ్‌1బి మీద నెట్టుకొచ్చాక పోయినేడు ఇంట్లో అందరికీ గ్రీన్‌కార్డులు వచ్చాయి. కాలేజీలో ఎన్‌సీసీ క్యాంపులో .22 రైఫిల్‌తో ఐదు రౌండ్లు కాల్చాను, ఐదూ టార్గెట్ మీదే పడ్డాయి. ఆ సరదా అలాగే ఉండిపోయింది. మొన్న ఆఫీసు కొలీగ్ షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లి, అంతకంటే పెద్ద తూటా పేల్చే 9 ఎంఎం పిస్టల్ చేతికిచ్చాడు. సగం టార్గెట్ కిందే పడ్డాయి. పేలేముందే కళ్లు మూసుకుపోతున్నాయి. అందుకని .22 పిస్టల్‌తో మొదలుపెడదామనుకుంటున్నా. కొలీగ్ ఏమో ముచ్చటగా చిన్నదొకటి ఉంది, మూడొందల్లోపు వస్తుంది, అది కొను అంటాడు. షాపువాడు వేరేది చూపిస్తున్నాడు. వీడియోలు చూస్తే రెడ్ డాట్ (గురి చూడ్డానికి అద్దంలో ఎర్ర చుక్క చూపించే సైట్) లేకపోతే దండగ అంటున్నారు. నా బడ్జెట్ 700 డాలర్లు. మాకు దగ్గర్లోని క్లబ్బులో నెలకోసారి స్టీలు ప్లేట్లు కొట్టే స్టీల్ మ్యాచ్ జరుగుతుంది, సరదాకి అందులో ఆడాలని ఉంది. మా ఆవిడ కూడా నేర్చుకుంటానంటోంది, కానీ ఇంట్లో తుపాకీ అంటే ఆమెకి టెన్షన్. పిల్లలకి 13, 9 ఏళ్లు. వేసవికి అత్తగారూ మామగారూ వచ్చి ఆరు నెలలు ఉంటారు. ఏది కొనమంటారు? – కె., ప్లేనో

సమాధానం: మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది కళ్లు మూసుకుపోతున్నాయని ఒప్పుకోవడం. నేను రేంజ్‌లో చూసే మగాళ్లలో నూటికి తొంభైమంది ఒప్పుకోరు. తుపాకీ మీద గురి చూసే సైట్ సరిగా లేదంటారు, తూటాలు బాలేవంటారు. మీకు జరిగింది ఏమిటంటే, మోత, కుదుపు వస్తాయని ఒంటికి ముందే తెలిసిపోయి, ట్రిగ్గర్ నొక్కేలోపే మణికట్టు కిందికి వంగుతోంది. అందుకే సగం తూటాలు టార్గెట్ కింద పడ్డాయి. దీనికి మందు .22 పిస్టలే. కుదుపు లేనట్టే ఉంటుంది, మోత తక్కువ, ఒక్కో తూటా ఖర్చు 9 ఎంఎంలో మూడో వంతు. వెయ్యి రౌండ్లు కాల్చినా జేబుకి పెద్ద చిల్లు పడదు.

పిస్టల్ పేర్లు చెప్పేముందు ఒక విషయం తేల్చుకుందాం. మనవాళ్లు ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు తుపాకీ కొనుక్కోవచ్చు, పెట్టుకోవచ్చు. కాబట్టి మీకూ మీ ఆవిడకీ ఇబ్బంది లేదు. కానీ నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద దేశంలోకి వచ్చినవాళ్లు తుపాకీ గాని తూటా గాని చేతిలో పెట్టుకోకూడదన్నది ఫెడరల్ చట్టం. హెచ్‌1బి, హెచ్4, స్టూడెంట్ వీసా, విజిటర్ వీసా అన్నీ అందులోకే వస్తాయి. రేంజ్‌లో అద్దెకి తీసుకుని పది రౌండ్లు కాల్చడం కూడా చేతిలో పెట్టుకోవడమే. హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది, నిజమే. కానీ గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నవాళ్లు ఆ లైసెన్సు ఒకటి జేబులో వేసుకుని ధైర్యం చేయడం నాకు నచ్చదు, ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగాలి. శనివారం సరదాగా వెళ్దాం రారా అని మీ పాత హెచ్‌1బి రూమ్మేట్‌ని మాత్రం పిలవకండి. వాడి తరఫున కొనిపెట్టడం అసలే వద్దు. షాపులో మీతో నింపించే 4473 ఫారమ్‌లో అసలు కొనేది నువ్వేనా అని సూటిగా అడుగుతారు, అక్కడ అబద్ధం రాస్తే అది నేరం.

మామగారి సంగతీ అంతే. ఆయన విజిటర్ వీసా మీద వస్తారు. ఊళ్లో నాటు తుపాకీతో అడవి పందిని కొట్టిన కథ చెబుతూ "ఏదీ, నన్నొకటి పేల్చనీ అల్లుడూ" అంటారు. నా ఇంట్లో అన్నారు. మా మామగారు రెండు రోజులు అలిగారు, నేను మాత్రం ఇవ్వలేదు. లాకర్ నంబరు కూడా వాళ్లకి తెలియకపోవడమే మంచిది. వీసా మీద ఉన్న స్నేహితులకి సరదా తీరాలంటే ఎయిర్ పిస్టల్ ఉంది. గాలితో పనిచేస్తుంది కాబట్టి ఫెడరల్ చట్టం దాన్ని తుపాకీగా లెక్కగట్టదు. ఎక్కడ కాల్చుకోవచ్చో ఊరి నియమాలు చూసుకుంటే చాలు. అదేం తక్కువ ఆట కాదు. మన దేశంలో పిస్టల్ షూటర్లు మామూలుగా మొదలుపెట్టేది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తోనే. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వెండి పతకం తెచ్చిన మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆ ఎయిర్ పిస్టల్‌లోనూ దిట్టే. ఆ 25 మీటర్ల ఆటలో వాళ్లు వాడే తూటా, మీరు కొనబోయే తూటా ఒకటే: .22 లాంగ్ రైఫిల్. 1887 నుంచీ ఉన్న తూటా అది. మీ ఎన్‌సీసీ రైఫిల్‌ది కూడా అదే.

ఇక పిస్టల్.

మీ కొలీగ్ చెప్పిన ముచ్చటైన చిన్నది వద్దు. కారణం నా అనుభవమే. పద్నాలుగేళ్ల కిందట నేను మొదట కొన్నది అలాంటిదే. బారెల్ (తూటా బయటికొచ్చే గొట్టం) మూడున్నర అంగుళాలు, ఒళ్లంతా ప్లాస్టిక్కు, పోలీసుల పిస్టల్‌కి చిన్న తమ్ముడిలా ఉండేది. తేలిగ్గా ఉంది కదా అని మురిసిపోయాను. ఆ తేలికే కొంప ముంచింది. చేతిలో బరువు లేకపోతే వేలి కదలిక మొత్తం బారెల్ చివరకి పోతుంది. ట్రిగ్గర్ నొక్కడానికి పట్టే బలమేమో తుపాకీ బరువు కంటే ఎక్కువ. ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం తక్కువ కాబట్టి వెంట్రుకవాసి తేడా వచ్చినా ఏడు గజాల దగ్గర రెండంగుళాలు పక్కకి. పైగా నాలుగు రౌండ్లకోసారి ఖాళీ తొడుగు బయటికి పోకుండా పొయ్యి గొట్టంలా నిలబడిపోయేది. చవకరకం తూటా దానికి పడేది కాదు. నేర్చుకునేవాడికి ఇంతకంటే పాపం లేదు. తప్పు నాదో తుపాకీదో తేలేది కాదు. ఏడాదికి సగం ధరకి వదిలించుకున్నా.

మొదటి .22కి నేను చూసేది ఒక్కటే: బారెల్, సైట్లు కదలకుండా ఉండే బరువైన టార్గెట్ పిస్టల్. పేలినప్పుడు మొత్తం పైభాగం వెనక్కి జరిగే రకం కాకుండా, లోపల బోల్టో, వెనక సగం ముక్కో మాత్రమే కదిలి, బారెల్, రెండు సైట్లు ఫ్రేముకి బిగుసుకుని ఉండాలి. ఈ బాపతులో మీ బడ్జెట్‌కి అందేవి ముఖ్యంగా మూడు. రూగర్ మార్క్ 4, బ్రౌనింగ్ బక్ మార్క్, స్మిత్ అండ్ వెసన్ విక్టరీ. ఏదైనా మంచిదే. మూడింటికీ సుమారుగా నాలుగు నుంచి ఆరు వందల డాలర్ల మధ్య మోడళ్లు దొరుకుతాయి. ఒకప్పుడు నన్నడిగితే కళ్లు మూసుకుని బక్ మార్క్ అనేవాణ్ని. ఇప్పుడు కాస్త ఆగి చెబుతా.

రూగర్ కంపెనీ పుట్టిందే ఈ పిస్టల్‌తో. 1949లో బిల్ రూగర్, అలెగ్జాండర్ స్టర్మ్ అనే ఇద్దరు కలిసి దీని మొదటి రూపాన్ని ముప్పై ఏడున్నర డాలర్లకి అమ్మారు. పిడి వాలు పాత జర్మన్ లూగర్ పిస్టల్‌లా ఏటవాలుగా ఉంటుంది. మధ్యలో వచ్చిన మార్క్ 2, మార్క్ 3 గురికి తిరుగులేనివే గానీ, శుభ్రం చేయడానికి విప్పితే మళ్లీ బిగించడం నవారు మంచం అల్లడమంత పని. మా క్లబ్బులో ఒకాయన విడిభాగాలన్నీ జిప్‌లాక్ కవర్లో వేసుకుని రేంజ్‌కి తెచ్చి, ఎవరైనా పుణ్యం కట్టుకోండి అని అడిగేవాడు. 2016లో మార్క్ 4 వచ్చి ఆ గొడవ తీర్చేసింది. వెనక ఒక బటన్ నొక్కితే పైభాగం తలుపులా ఒరిగి ఊడొస్తుంది. మీరు పాతది కొనేటట్టయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. 2017 జూన్‌కి ముందు తయారైన మార్క్ 4లకి సేఫ్టీ లోపం ఉందని కంపెనీయే వెనక్కి పిలిచింది. సీరియల్ నంబరు డబ్ల్యూబీఆర్ అనో 401 అనో మొదలైతే ఆ మరమ్మతు జరిగిందో లేదో కనుక్కోకుండా డబ్బు ఇవ్వకండి.

బక్ మార్క్ 1985 నుంచీ ఉంది. దాని ట్రిగ్గర్ పెట్టెలోంచి తీసినప్పుడే చక్కగా ఉంటుంది, అద్దం పెంకు విరిగినట్టు టక్కున తెగుతుంది. రూగర్ ట్రిగ్గర్ మొదట కొంచెం సాగుతుంది. దాన్ని బాగుచేసే సామాను బజారు నిండా ఉంది, వందా నూటయాభై డాలర్లు పోస్తే అదీ దీనికి తీసిపోదు. కానీ బక్ మార్క్‌ని విప్పాలంటే ఎలెన్ కీ కావాలి. వెనక సైటు పట్టీని పట్టుకునే స్క్రూలు వదులైతే గురి ఊరి మీద తిరుగుతుంది, అప్పుడప్పుడు చూసుకోవాలి.

మరి ఏది? చేయి చెప్పాలి. షాపులో మూడూ అడగండి. ఖాళీగా ఉందని వాడు చూపించాక మీరూ చూసి, మనుషులు లేని గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని పిస్టల్ మామూలుగా ఎత్తండి. కళ్లు తెరిచేసరికి ముందు సైటు వెనక గాడిలో కూర్చుని ఉంటే ఆ పిడి వాలు మీది. ముందు సైటు పైకి లేచి ఉంటే ఆ వాలు మీ మణికట్టుకి పడదు. రూగర్ ఏటవాలు పిడి నాకు అలాగే కొంచెం పైకి చూపిస్తుంది. అందుకే నాకు బక్ మార్క్ కుదిరింది. రూగర్ వాళ్లే నిటారు పిడితో 22/45 అని అమ్ముతారు, అది కూడా పట్టుకుని చూడండి. చూపుడు వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద సుఖంగా ఆనాలి. వేలు సాగదీయాల్సి వచ్చినా, మడత దాకా దూరిపోయినా అది మీ చేతి కొలత కాదు. మీ ఆవిడ చేయి మీ చేయి కంటే చిన్నదై ఉంటుంది, ఆమెనీ తీసుకెళ్లండి. ఇద్దరికీ ఒకటే కొనేటప్పుడు ఆమె చేతికి కుదిరిందే కొనడం తెలివి. పెద్ద చేయి సర్దుకుంటుంది, చిన్న చేయి సర్దుకోలేదు.

బరువు మాట. స్టీలు మార్క్ 4 టార్గెట్ కిలోకి పైనే తూగుతుంది. 22/45 లైట్ అనేది ముప్పావు కిలో లోపే. ఆవిడకి అలవాటు లేదు కదా అని లైట్ వైపు మొగ్గు చూపకండి, పది రౌండ్ల తర్వాత చేయి వణికితే అప్పుడు చూద్దాం. చాలా రేంజ్‌లలో వీటిలో ఏదో ఒకటి గంటకి ఇంతని అద్దెకిస్తారు. ఇరవై డాలర్లు ఖర్చుపెట్టి ఒక శనివారం కాల్చి చూసి కొనండి.

రెడ్ డాట్ సంగతి అడిగారు. వద్దని కాదు, ఇప్పుడే వద్దు. మామూలు సైట్లతో కాల్చేటప్పుడు చూపు ముందు సైటు మీదే ఉండాలి, టార్గెట్ మసకగా కనపడాలి. ఇది మనసుకి ఎక్కడానికి రెండు మూడు వేల రౌండ్లు పడుతుంది. ఆ అలవాటు పడ్డాక డాట్ పెట్టుకుంటే హాయి. ముందే పెట్టుకుంటే ఆ ఎర్ర చుక్క వణకడం చూసి చుక్క మధ్యలోకి వచ్చిన క్షణంలో ట్రిగ్గర్ లాగేస్తారు, మీ పాత జబ్బు ఇంకో రూపంలో వస్తుంది. కొనేది మాత్రం రేపు డాట్ పెట్టుకునే పట్టీని పైన బిగించుకోవడానికి రంధ్రాలున్న మోడల్ కొనండి. నలభై దాటాక ముందు సైటు ఎలాగూ మసకబారుతుంది. నాకు యాభై దాటాయి, నేను డాటే వాడుతున్నా.

మీ 700లో పిస్టల్‌కి 500కి మించనివ్వకండి. మిగిలినదానితో ముందు మ్యాగజైన్లు, అంటే తూటాలు నింపి పిడిలో దూర్చే డబ్బాలు. పెట్టెలో ఒకటో రెండో వస్తాయి, మ్యాచ్‌కి ఐదు కావాలి, ఎందుకో చెబుతా. చెవులకి, కళ్లకి మంచివి కొనండి. ఇండోర్ రేంజ్‌లో చెవుల్లో దూది లాంటి ప్లగ్గులు పెట్టి పైన చెవులు మూసే మఫ్ కూడా వేసుకోవాలి. మీరు కాల్చేది .22 అయినా పక్క లేన్‌లో ఎవడో పెద్దది పేలుస్తుంటాడు, మీ జబ్బు తిరగబెట్టేది అక్కడే. మొదటి నెల వీలైతే మధ్యాహ్నం పూట, జనం లేనప్పుడు వెళ్లండి.

తూటాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. .22ని రిమ్‌ఫైర్ తూటా అంటారు. రిమ్ అంటే అంచు. ఈ తూటాలో నిప్పు పుట్టించే మందు అడుగున మధ్యలో కాకుండా, అంచు చుట్టూ లోపలి మడతలో పూసి ఉంటుంది. తుపాకీలోని పిన్ను ఆ అంచుని చితక్కొడితే పేలుతుంది. మందు చుట్టూ సమంగా పరుచుకోకపోతే పిన్ను పడ్డచోట అది లేక టిక్ మని ఊరుకుంటుంది. చవకరకంలో వందకి ఒకటో రెండో ఇలా తగలడం మామూలే. అప్పుడు కంగారుపడి తుపాకీ తిప్పి చూసుకోకండి. బారెల్ టార్గెట్ వైపే ఉంచి ముప్పై లెక్కపెట్టి, ఆ తర్వాత తీసేయండి. పేలీ పేలనట్టు తుస్సుమంటే మాత్రం అక్కడికక్కడే ఆపాలి. తూటా బారెల్‌లో ఇరుక్కుని ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి పేలిస్తే బారెల్ పాడవుతుంది, మీ చేయి కూడా.

మొదట సీసీఐ కంపెనీ మినీ మ్యాగ్ తూటాలు ఒక వంద, సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ ఒక వంద, ఏదైనా చవక బల్క్ ప్యాకు ఒకటి కొని మూడూ కాల్చి చూడండి. మినీ మ్యాగ్ సెకనుకి 1235 అడుగుల వేగం, బోల్టుని గట్టిగా తంతుంది కాబట్టి ఇరుక్కోవడం తక్కువ. స్టాండర్డ్ వెలాసిటీ 1070, శబ్దవేగానికి లోపే, కాగితం టార్గెట్ మీద తూటాలన్నీ దగ్గరదగ్గరగా పడేది మామూలుగా దీనితోనే. ప్రతి .22కీ ఒక నోటి రుచి ఉంటుంది, పక్కవాడి పిస్టల్ తిన్నది మీది తినకపోవచ్చు. మీదానికి ఏది పడుతుందో తెలిశాక ఐదొందల పెట్టె కొనండి. దాన్ని ఇక్కడ బ్రిక్ అంటారు. చిన్న తూటా కదా అని తేలిగ్గా తీసుకోకండి. మైలున్నర దాకా పోగలదని పెట్టె మీదే రాసి ఉంటుంది.

మ్యాగజైన్ నింపేటప్పుడు ఒక చిన్న కిటుకు. పక్కన ఉండే చిన్న బటన్‌ని బొటనవేలితో కిందికి లాగుతూ ఒక్కో తూటా వేస్తాం. తొందరలో బటన్‌ని అడుగుదాకా లాగేసి తూటాలు జారవిడిచేవాళ్లున్నారు. అలా చేస్తే తూటాల ముక్కులు కిందికి వాలతాయి, ఒకదాని అంచు ఇంకోదాని వెనక చిక్కుకుంటుంది. అది ఏ మూడో రౌండుకో ఇరుక్కుంటుంది, నింద తుపాకీ మీద పడుతుంది. ఒక్క తూటా పట్టేంత మాత్రమే లాగి, వేసి, మళ్లీ లాగాలి. చిక్కుడుకాయలు ఒలిచినంత నిదానంగా.

ఇక మీ జబ్బుకి మందు. రంగు ప్లాస్టిక్‌తో చేసిన .22 డమ్మీ తూటాలు దొరుకుతాయి. మీ ఆవిడని మ్యాగజైన్ నింపమనండి, పదింటిలో రెండు డమ్మీలు ఎక్కడ పెట్టిందో మీకు చెప్పకూడదు. కాలుస్తూ పోతుంటే డమ్మీ దగ్గర టిక్ మంటుంది. ఆ క్షణంలో బారెల్ ముక్కు కిందికి వంగిందంటే దొరికిపోయినట్టే. ఆమె పక్కన నవ్వుతుంది, నవ్వనివ్వండి. తర్వాత ఆమెకి మీరు నింపండి. టిక్ మన్నప్పుడు ముందు సైటు గాడిలోంచి కదలకుండా ఉండేదాకా ఇదే ఆట. మొదట ఏడు గజాలు, ఐదు రౌండ్లు ఒక చాయ్ సాసర్‌లో పడుతున్నప్పుడు పది, తర్వాత పదిహేను. గజాలు పెంచడానికి తొందరపడకండి.

ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ నొక్కి సాధన చేయడం మంచిదే. .22లతో ఒక చిక్కుంది. లోపల తూటా లేకపోతే కొన్ని పిస్టళ్లలో పిన్ను నేరుగా ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) అంచుకి తగిలి సొట్టపెడుతుంది. మాన్యువల్ ఏమంటుందో చూడండి. మేమంతా చేసే పని ఒకటుంది. గోడకి స్క్రూ బిగించేటప్పుడు రంధ్రంలో దూర్చే పసుప్పచ్చ ప్లాస్టిక్ ప్లగ్గులు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి, 4-6 సైజువి. అవి ఛాంబర్‌లో సరిగ్గా కూర్చుంటాయి, పిన్ను దెబ్బ అవి తింటాయి. ఒక్కోటి పది దెబ్బలకి పనికొస్తుంది. సాధన చేసే గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. పక్క గదిలో, తలుపు వేసి.

మ్యాచ్ గురించి భయపడకండి. స్టీల్ ఛాలెంజ్ అంటే ఐదు స్టీలు ప్లేట్లు, అందులో ఒకటి స్టాప్ ప్లేటు, దాన్ని చివర కొట్టాలి. అది మోగితే గడియారం ఆగుతుంది. ఒకే అమరికని ఐదుసార్లు కాలుస్తారు, అన్నిటికంటే చెత్త సమయం తీసేసి మిగతా నాలుగూ కలుపుతారు. ఐదు మ్యాగజైన్లు ఎందుకన్నానో అర్థమైందా? ఒక్కో పరుగుకి ఒకటి. మధ్యలో తూటాలు నింపుకుంటూ కూర్చుంటే వెనకున్నవాళ్లు పైకి ఏమీ అనరు గానీ లోపల అనుకుంటారు. రిమ్‌ఫైర్ వాళ్లకి ఒరలోంచి తీసే పని లేదు. ముందు నేల మీద పెట్టిన గుర్తు వైపు పిస్టల్ వంచి పట్టుకుని నిలబడితే, బీప్ మోగగానే ఎత్తి కొట్టడమే. మామూలు సైట్లకి ఒక విభాగం, డాట్‌కి ఇంకోటి, కాబట్టి మీరు డాట్ వాళ్లతో పోటీ పడాల్సిన పని లేదు. ప్లేటు వదిలేస్తే ఒక్కోదానికి మూడు సెకన్లు జరిమానా, కాబట్టి తప్పితే మళ్లీ కొట్టడమే లాభం. మొదటిసారి స్మోక్ అండ్ హోప్ అనే స్టేజీ తగిలితే మీ అదృష్టం, తలుపు పలకల్లాంటి నాలుగు పెద్ద ప్లేట్లు దగ్గర్లోనే ఉంటాయి. నా మొదటి మ్యాచ్‌లో బీప్ మోగగానే స్టాప్ ప్లేటునే ముందు కొట్టి గడియారం ఆపేశాను. ఇంకా నాలుగు ప్లేట్లు నా వైపు చూస్తూనే ఉన్నాయి.

వెళ్లగానే ఇది నా మొదటి మ్యాచ్ అని చెప్పేయండి, పక్కన ఒక మనిషిని పెడతారు. పిలిచేదాకా పిస్టల్ సంచిలోంచి తీయకూడదు, ఖాళీగా ఉందని కనపడేలా ఛాంబర్‌లో రంగు జెండా ఉండాలి. కాల్చేటప్పుడు తప్ప వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు, బారెల్ తూటాలు ఆపే మట్టిగట్టు వైపు నుంచి పక్కకి తిరగకూడదు. ఈ రెండింట్లో ఏది తప్పినా ఇంటికి పంపేస్తారు, బతిమాలినా వినరు. చూడ్డానికి వచ్చిన పిల్లలకి కూడా కళ్లద్దాలు తప్పనిసరి, స్టీలు మీద పడ్డ సీసం ముక్కలై వెనక్కి చిందుతుంది.

సీసం అన్నాను కదా. రేంజ్ నుంచి రాగానే చేతులు, ముఖం చల్లటి నీళ్లూ సబ్బుతో కడుక్కోవాలి, అప్పటిదాకా నోట్లో ఏదీ వేసుకోకూడదు. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతక్కండి, ఆ చెప్పులతో వంటింట్లోకి రాకండి.

మీ ఆవిడ టెన్షన్ న్యాయమైనదే. మాటలతో తీర్చబోకండి, మంచి లాకర్ కొని గోడకో అల్మరాకో బిగించి చూపించండి. నంబరు మీ ఇద్దరికే. పిస్టల్ ఖాళీగా లోపల, తూటాలు వేరే తాళంలో. టెక్సాస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా అజాగ్రత్తగా పెట్టడం నేరం. చట్టం లేకపోయినా మీరు పెట్టరని నాకు తెలుసు, అయినా చెబుతున్నా. మీ 13 ఏళ్ల పిల్లో పిల్లాడో నేనూ వస్తానంటే పిస్టల్‌తో కాదు, .22 రైఫిల్‌తో, క్లబ్బులో నేర్పేవాళ్ల దగ్గర మొదలుపెట్టించండి. పొట్టి బారెల్ పిల్లల చేతిలో ఎటైనా తిరుగుతుంది. పొడుగు రైఫిల్ ఎటు తిరుగుతోందో పక్కనున్నవాళ్లకి వెంటనే కనపడుతుంది. మీరు మొదలుపెట్టిందీ అలాగే కదా.

కొన్నాక మ్యాగజైన్ల అడుగున నెయిల్ పాలిష్‌తో ఒక గుర్తు పెట్టుకోండి. అందరివీ ఒకేలా ఉంటాయి, మ్యాచ్‌లో నేల మీద పడేసిన నావి రెండు ఎవరి సంచిలోకో వెళ్లిపోయి మళ్లీ రాలేదు.